మియానీ ఉన్న ప్యాంటు

కొండ ఎక్కడానికి ఆడవాళ్లు ఏం తొడుక్కోవాలి? ఈ ప్రశ్న మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ఏం తొడుక్కోకూడదో చెప్పినవాళ్లు మాత్రం రెండు వైపులా ఉన్నారు. ఒక వైపు మావాళ్లు, రెండో వైపు మా సెక్యులర్ మిత్రులు. ఇద్దరికీ మా బట్టల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. మా మోకాళ్ల గురించి ఇద్దరికీ పట్టింపు లేదు.

'మేము' అంటే ఎవరని అడగొచ్చు. సంగారెడ్డిలో పుట్టి, పటాన్‌చెరులో కాపురం పెట్టి, ఇంటిని ఉర్దూలో, ఉద్యోగాన్ని తెలుగులో నడుపుకొస్తున్న నలభైలు దాటిన ఒక జర్నలిస్టు. మా ఇంటి ఉర్దూలో 'మై' తక్కువ, 'హమ్' ఎక్కువ. ఒక్కరమే ఉన్నా 'హమ్ ఆతే' అనే అంటాం. తెలుగులోనూ ఆ అలవాటు పోలేదు. పైగా ఈ సంగతిలో మేము ఒక్కరం కాదు, నలుగురం.

మా నడక ఉద్యమంగా మొదలుకాలేదు, షుగరుతో మొదలైంది. డాక్టరు నడవమన్నాడు. పటాన్‌చెరులో నడవడమంటే లారీల మధ్య నడవడం. బొల్లారం, పాశమైలారం వైపు నుంచి గాలి తిరిగితే ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకోవడం. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగును ఏం చేసిందో, డాక్టర్ అల్లాని కిషన్‌రావు దాని కోసం ఎన్నేళ్లు కొట్లాడారో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. అట్లాంటి చోట ఆదివారాలు గుట్టలు వెతుక్కున్నాం. మొదట బీరంగూడ గుట్ట. తర్వాత అమీన్‌పూర్ చెరువు కట్ట. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, కొంగలకు ఆ సంగతి మాకంటే ముందే తెలుసు. ఇంకాస్త దమ్ము పెరిగాక మెదక్ ఖిల్లా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి. మాతో మా ఆపా ఉంది. బురఖా వేసుకునే ఒక టీచరమ్మ ఉంది. ఇస్నాపూర్ నుంచి వచ్చే ఒక చెల్లెలు ఉంది, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఇంట్లో చీర తప్ప మరొకటి కట్టనివ్వని అత్తగారు.

నలుగురికీ మొదటి తగాదా కాళ్ల దగ్గరే వచ్చింది.

మా కాళ్ల బట్ట చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. పాజామా పారశీక మాట. పా అంటే కాలు, జామా అంటే బట్ట. షల్వారూ అక్కడి నుంచి వచ్చిందే. తెలుగువాళ్లకు ఇది బొత్తిగా కొత్తదేం కాదు, పాత తెలుగులో షరాయి అనే మాట ఉంది. అయినా మా చిన్నప్పుడు సంగారెడ్డిలో పాజామా వేసుకున్న పిల్ల అంటే తురకల పిల్ల. లంగా ఓణీ అంటే మనవాళ్ల పిల్ల. ఇంతలో బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌లో ఉత్తరాది ఉద్యోగుల ఇళ్లు పెరిగాయి, సినిమాలు మారాయి, కాలేజీలు మారాయి. అదే షల్వారు, అదే కమీజు, అదే దుపట్టా 'పంజాబీ డ్రెస్' అయింది. నిన్నటిదాకా మమ్మల్ని వేరుగా నిలబెట్టిన బట్ట రాత్రికి రాత్రి మోడరన్ అయింది. మాకు దక్కని మర్యాద మా బట్టకు పంజాబ్ పేరు మీద దక్కింది. సంతోషమే. ఒక తరం ఆడపిల్లలు సైకిలెక్కారు కదా.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మా నానీ పాజామా వేసుకోలేదు. పల్లెల్లో కూలికి పోయే ముస్లిం ఆడవాళ్లు చాలామంది చీరే కట్టారు. నాట్లకు దిగితే గోచి పోసుకున్నారు, పక్క మడిలోని మాల, మాదిగ, గొల్ల ఆడవాళ్లలాగే. కాళ్లు విడివిడిగా ఆడాలి, బట్ట బురదకు తగలకూడదు. ఆ గోచి చీర మా నేల మీద పుట్టిన మొదటి ప్యాంటు అని మా నమ్మకం. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అది వేరే సంగతి.

షల్వారుతో కొండ ఎక్కితే ఏమవుతుందో మెదక్ ఖిల్లా చెప్పింది. సింహద్వారం దాటేదాకా ఇబ్బంది లేదు. పైకి పోయేకొద్దీ మెట్లు అరిగి, బండలై, ఒక్కో అడుగు మోకాలెత్తున ఉంటుంది. వెడల్పాటి పాయంచా చెప్పు కిందికి వస్తుంది. తుమ్మ కొమ్మ పట్టుకుంటే వదలదు. వానపడితే నూలు షల్వారు రెండింతల బరువై తొడలకు అంటుకుని ఒరుస్తుంది. నాడా ముడి సంచి పట్టీ కింద పడి బొడ్డు దగ్గర గుచ్చుతుంది. జేబు ఉండదు. ఫోను ఒక చేతిలో, నీళ్ల సీసా ఒక చేతిలో పట్టుకుంటే బండను దేనితో పట్టుకోవాలి? పైన 17వ శతాబ్దపు మసీదు దగ్గర కూర్చుని దూరంగా మెదక్ చర్చి గోపురం చూస్తూ నలుగురం ఒకటే మాట అనుకున్నాం. ఈ బట్ట వసారాలో కూర్చోవడానికి కుట్టింది, గుట్టకు కాదు.

జీన్స్ వేసుకోమన్నారు పిల్లలు. జీన్స్ ఇంకా అన్యాయం. బరువు, వేడి, తడిస్తే ఆరదు, మోకాలు ఎత్తనివ్వదు. లెగ్గింగ్స్ సాగుతుంది గాని అల్లిక బట్ట. పల్లేరు ముళ్లూ గడ్డి గింజలూ అందులో దిగబడతాయి, గరుకు బండ మీద కూర్చుని జారితే చిరుగుతుంది. మరి ఏం మిగిలింది?

ఇక్కడ కాస్త బయటి లోకం చూద్దాం. 1838లో ఆన్రియెట్ దాంజవిల్ అనే ఫ్రెంచి ఆమె యూరప్‌లోని మౌంట్ బ్లాంక్ ఎక్కింది, గౌను కింద తాను చెప్పి కుట్టించుకున్న ప్యాంటుతో. 1851లో అమెరికాలో కొందరు ఆడవాళ్లు పొట్టి గౌను కింద వదులు పాజామాలు తొడిగారు. అమీలియా బ్లూమర్ తన పత్రికలో వాటిని సమర్థించింది కాబట్టి ఆమె పేరే వాటికి స్థిరపడింది. అంతకుముందు వాటి పేరు ఏమిటో తెలుసా? టర్కీ పంట్లాములు. అంటే ముస్లిం ఆడవాళ్ల పాజామా! అక్కడి మగవాళ్లు వీధుల్లో ఎగతాళి చేశారు, పత్రికల్లో బొమ్మలు వేశారు. మా పాజామా అక్కడ స్వేచ్ఛకు గుర్తయింది, ఇక్కడ బానిసత్వానికి గుర్తయింది. బట్ట మాత్రం ఒక్కటే.

1975 మే 16న జపాన్ నుంచి జుంకో తాబేయి ఎవరెస్టు ఎక్కింది, ఆడవాళ్లలో మొదటిది. డబ్బు లేక ఆమె బృందం పాత కర్టెన్లు కత్తిరించి ప్యాంట్లు కుట్టుకుంది. 1984లో మన దేశం నుంచి బచేంద్రీ పాల్. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గిరిజన కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని అంత దూరం పోయింది. ఆ ఫోటోలు చూసి ఆమె బట్టల గురించి ఎవరూ మాట్లాడలేదు. చలికి తగ్గ బట్టలు వేసుకుంది, అంతే. మా పిల్లలకు కూడా అంత మామూలుగా బట్టలు వేసుకునే రోజు ఎప్పుడొస్తుందా అని మాకు అసూయ పుట్టింది.

మా చరిత్రలో ఎవరూ లేరా అంటే ఉన్నారు. మౌలాలీ గుట్ట కింద మాహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి. నిజాం వెంట యుద్ధాలకు మగవేషంలో వెళ్లేదని చెబుతారు. రజబ్ నెలలో ఆ గుట్ట మెట్లు మా ఆడవాళ్లు చంకలో పిల్లలతో ఎక్కుతారు. అంటే ఎక్కడం మాకు కొత్త కాదు, ఎక్కడానికి తగిన బట్టే కొత్త.

సరే, షాపుకు పోయాం. ఆటల సామాన్లు అమ్మే పెద్ద షాపు, పేరెందుకు. 'ట్రెకింగ్' అని రాసిన అరల్లో మగవాళ్లవి నాలుగు వరసలు, ఆడవాళ్లవి ఒకటి. ఆ ఒక్కదాంట్లోనూ నడుము మాకు సరిపోతే పిరుదులు పట్టవు, పిరుదులు పడితే వెనక నడుము దగ్గర గుప్పెడు సందు. మన దేశపు ఆడవాళ్ల ఒళ్లు ఏ దేశపు కొలతలతో కొలిచారో! అమ్మే అబ్బాయి వచ్చి "మేడమ్, ఇది స్లిమ్ ఫిట్, ఫోటోల్లో బాగుంటుంది" అన్నాడు. ఫోటో కోసం కాదు బాబూ, షుగరు కోసం అన్నాం.

ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి చూస్తే ప్యాంటు గురించి ఏమీ తెలియదు. మా పరీక్ష వేరు. టీచరమ్మ కనిపెట్టింది. తలుపేసుకుని రెండు రకాతుల నమాజు కదలికలన్నీ చేసి చూడు అంది. వంగితే వెనక నడుము కిందికి జారుతుందా? సజ్దాకు పోతే మోకాళ్ల దగ్గర పట్టేస్తుందా? కాళ్లు మడిచి కూర్చుంటే పొట్టకు కోస్తుందా? లేచేటప్పుడు చేత్తో సర్దుకోవాల్సి వస్తుందా? రోజూ పదిహేడు ఫర్జ్ రకాతులు, ముప్పై నాలుగు సజ్దాలు. ఇంతగా బట్టను పరీక్షించే మనుషులు ప్యాంట్ల కంపెనీలకు ఎక్కడ దొరుకుతారు? ఇస్నాపూర్ చెల్లెలు నవ్వి, "నాకు నమాజు రాదక్కా, నేను ముగ్గు వేసినట్టు కూర్చుని చూస్తా" అంది. అదీ సరైన పరీక్షే. ప్యాకింగ్ హాలులో రోజంతా వంగి లేచే మనిషికి మేం చెప్పేదేముంది.

ఆ పరీక్షలో ఒక్క ప్యాంటు నెగ్గింది. పదమూడు వందలు. పలుచని నైలాను, కొంచెం సాగే నూలు కలిపింది. పిండి ఆరేస్తే గంటలో ఆరుతుంది. ముల్లు అంటదు. నడుము పట్టీ చదునుగా ఉంది, సంచి పట్టీ కింద గుచ్చదు. తొడ పక్కన జిప్పు జేబు. మేలో మాత్రం నూలు బట్టే హాయి. ఎండలో గాలాడే వదులు నూలును ఏ నైలానూ గెలవదు. వానాకాలానికి, ఎక్కువ ఎక్కే గుట్టలకు నైలాను. ఇందులో మతం లేదు, చెమట ఉంది.

ఇంటికి తెచ్చాక అసలు రగడ మొదలైంది. ఆపా కూతురు ఇంటర్ చదువుతోంది. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్పే శిబిరానికి కాలేజీ నుంచి పేరు ఇచ్చింది. కాగితం మీద తండ్రి సంతకం కావాలి. కాగితంలో బట్టల పట్టీ ఉంది, అందులో ట్రాక్ ప్యాంటు, టీషర్టు. దుల్హాభాయ్ చూసి, "ఏ మర్దానా లిబాస్ హై" అన్నాడు. మగవాళ్ల బట్ట, మన పిల్లకు వద్దు. మంచి మనిషే. పిల్లను చదివించడానికి ఓవర్‌టైం చేసినవాడు. కోపం లేదు, భయం ఉంది. దునియా ఏమంటుందోనని. దునియా అంటే అతనికి మొహల్లా ఒక్కటే కాదు. పిల్లల తల మీది గుడ్డ కోర్టుల దాకా పోయిన 2022ను అతను చూశాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏ బట్ట మాట వచ్చినా గొంతు మారుతుంది. వేసుకుంటే ఒకరు అంటారు, తీసేస్తే ఇంకొకరు అంటారు. ఈ భయాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసేవాళ్లతో మాకు పేచీ.

మా అమ్మీ ఏమీ మాట్లాడకుండా మేము తెచ్చిన ప్యాంటు అడిగింది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి ఇల్లు నడిపిన చేతులు. బట్టను తిరగేసింది. కళ్లజోడు సవరించుకుని కుట్లు వెతికింది. రెండు కాళ్లూ కలిసేచోట వేలు ఆపింది. అక్కడ నాలుగు పలకల చిన్న ముక్క వేసి కుట్టి ఉంది.

"అగే, ఏ తో హమారీచ్ మియానీ హై!" అంది.

మియానీ అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. పాజామా రెండు కాళ్లను నేరుగా కలిపి కుట్టేస్తే నాలుగు కుట్లూ ఒకే చోటికి వచ్చి, కాలు చాపగానే అక్కడ పిగులుతుంది. అందుకని మధ్యలో ఒక ముక్క వేస్తారు. అదే మియానీ, మధ్యది అని అర్థం. అది ఉంటే కాలు ఎటు తిప్పినా బట్ట లాగదు, కుట్టు ఒరవదు. గుర్రమెక్కేవాళ్లకు, నేల మీద కూర్చునేవాళ్లకు, నమాజు చేసేవాళ్లకు అది లేకపోతే కుదరదు. కొండలెక్కే ప్యాంట్ల కంపెనీలు ఇప్పుడు గసెట్ అని పేరు పెట్టి, అది ఉన్నందుకు ధర ఎక్కువ వేస్తున్నాయి. జీన్స్‌లో లేనిది అదే. అమ్మీ లెక్కలో అది ఉంటే పాజామా, లేకపోతే ఇంగ్లీషు ప్యాంటు. చర్చ ఆమె వరకు ముగిసింది.

దుల్హాభాయ్‌కి ముగియలేదు. అప్పుడు ఆపా నోరు తెరిచింది. "మీ అబ్బా ఏం వేసుకునేవారు?" అని అడిగింది. వాళ్ల అబ్బా పాజామా వేసుకునే రైతు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలొచ్చాక కూలికి చేరాడు, గేటు దగ్గర పాజామా విప్పి నీలం ప్యాంటు తొడిగాడు. ఎవరూ మౌల్వీని అడగలేదు. మజహబ్ పోయిందని ఎవరూ ఏడవలేదు. మిషను మీద పనిచేసేవాడికి వదులు బట్ట ప్రమాదం, అంతే. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులో కూడా అదే రాశారు. నడుస్తున్న యంత్రం దగ్గర పరీక్షించే పని తర్ఫీదు పొందిన మగ కార్మికుడు చేయాలి, బిగుతు బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు యాజమాన్యమే ఇవ్వాలి. అదే సెక్షను ఆడవాళ్ల గురించి ఏమంది? నడిచే యంత్రాన్ని తుడవడానికి, నూనె పెట్టడానికి వాళ్లను రానివ్వొద్దంది. మగవాడికి ప్రమాదముంటే ప్యాంటు ఇచ్చారు, ఆడదానికి ప్రమాదముంటే గేటు మూశారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది గాని, ఇళ్లలో ఆ సెక్షను ఇంకా అమల్లోనే ఉంది.

బండలెక్కే చోట కూడా లెక్క అదే. నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి తాడు కడతారు. పొడుగు కమీజు అంచు, వేలాడే దుపట్టా ఆ తాడు జారే ఇనుప కొక్కెంలో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్ల ఇది తండ్రికి చాలా నెమ్మదిగా చెప్పింది. "అబ్బా, కమీజు తొడ సగం దాకా ఉంచుకుంటా. స్కార్ఫు లోపలికి దోపుకుంటా. ప్యాంటు వదులుగానే ఉంటుంది. ఇంకేం కావాలో మీరు చెప్పండి." అతను చాలాసేపు కాగితం చూశాడు. సంతకం పెట్టాడు, ఒక షరతుతో. ఖాలా కూడా వెంట వెళ్లాలి. ఖాలా అంటే మేమే.

ఇక రెండో వైపు. మెదక్ ఖిల్లా మీది మా ఫోటో చూసి హైదరాబాద్‌లో ఒక కవి మిత్రుడు, "శభాష్, బురఖా వదిలేశారన్నమాట!" అన్నాడు. మనసులో చెడ్డ లేదు. కాని టీచరమ్మ బురఖా వదలలేదు. గుట్ట కింద మడిచి సంచిలో పెట్టుకుంది, దిగి బస్సెక్కే ముందు మళ్లీ వేసుకుంది. ఈ మాట చెబితే మిత్రుడి ముఖం చిన్నబోయింది. ఏదో గెలుపు చేజారినట్టు. ఆమె సంచిలో బురఖా ఉంది, ఒంటి మీద ప్యాంటు ఉంది. రెండూ ఆమె డబ్బుతో కొనుక్కున్నవే.

ఇస్నాపూర్ చెల్లెలు రోజూ ఇంట్లో చీర కట్టి బయల్దేరుతుంది, ఫ్యాక్టరీలో చీర మడిచి లాకరులో పెట్టి ఓవరాల్ తొడుగుతుంది. ఆదివారం మాతో వచ్చేటప్పుడు మా ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంది. అత్తగారికి తెలియదు. ఆమెది ఇంటి సమస్య అంటారు, అత్తాకోడళ్ల గొడవ అంటారు. టీచరమ్మది మాత్రం మత సమస్య. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే తలుపు గడియ పెట్టుకుని, ఒకే రకం ప్యాంటు తొడుక్కుంటున్నారు. ఒకదాని మీద వ్యాసాలు వస్తాయి, రెండోదాని మీద రావు.

పదమూడు వందలు పెట్టి అందరం కొనలేం. పాత సంగారెడ్డి బజారులో మా మాస్టర్ సాబ్ ఉన్నాడు, అమ్మీ కాలం నాటి దర్జీ. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ యూనిఫారాలకు అమ్మే టెర్రీకాటన్ బట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాం. నూలుకంటే తొందరగా ఆరుతుంది, ముల్లుకు తట్టుకుంటుంది. బూడిద రంగు, మట్టి పడినా కనబడదు. ఐదు ప్యాంట్లు. నేఫాలో ముందు పట్టీ, వెనక ఎలాస్టిక్. పాయంచా చీలమండ దగ్గర సన్నగా, గుండీతో. మోకాలి దగ్గర రెండు మడతలు ఎక్కువ. మియానీ మామూలుకంటే ఒక అంగుళం పెద్దది. ఆయన అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు, జేబు దగ్గర ఆగాడు.

"జనానా ప్యాంటుకు జేబా? ఎంత లోతు పెట్టమంటారు?"

ఫోను, తాళంచెవి, షుగరు మాత్రల పట్టీ తీసి టేబుల్ మీద పెట్టాం. ఆయన మెడలోని టేపు తీసి మూడింటినీ కొలిచాడు.